పెన్సిల్‌తో చేర్చిన ఇళ్ళు

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున గడ్డి మీద మంచు. మధ్యాహ్నం వాన, పావు అంగుళం. పంపులు రెండు బాగుచేశాను. చుట్టుదారి మైళ్ళు ఇరవై ఎనిమిది.

సాయంత్రం రోజలీ వచ్చింది, మా అక్క కూతురు. తన కొట్టులో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తూ ఊరి సంగతులన్నీ పోగుచేస్తుంది. వెంట వెర్నా సోప్కోను తీసుకొచ్చింది. వెర్నా బడిలో నాకంటే చిన్న. ముప్పై ఒక్క ఏళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. కౌంటీ కౌన్సిల్‌కి నిలబడిందని పేపర్లో చూశాను. చూసి ఊరుకున్నాను.

"మామయ్యా, నీ పుస్తకం ఈవిడకి చూపించు" అంది రోజలీ.

"ఏ పుస్తకం?"

"ఎన్నున్నాయేంటి? వంతెన పుస్తకం."

ఏటి మీద వంతెన మూసేసిన రోజు నుంచీ, అవతలి ఒడ్డున పనికి వెళ్ళినప్పుడల్లా ఎన్ని మైళ్ళు అదనంగా తిరిగానో రాసుకుంటున్నాను. మూడేళ్ళు దాటింది. ఎవరికోసమూ కాదు. రాయడం అలవాటు.

వెర్నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. కోటు కూడా విప్పలేదు. చివర నేను వేసిన మొత్తాన్ని వేరే కాగితం మీద మళ్ళీ కూడుకుంది. సరిపోయింది.

"పదకొండు వేల మూడొందల తొంభై ఆరు మైళ్ళు. ఒక్క మనిషి" అంది.

"అందులో ఆదివారాలు లేవు" అన్నాను.

"గురువారం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగుంది. అక్కడ చదవనా?"

"నా పేరు చెప్పకుండా చదువు."

"పేరు చెప్పకపోతే నేనే అల్లాననుకుంటారు, ఎమిల్."

ఆలోచిస్తానన్నాను. పుస్తకం మాత్రం ఆమె చేతిలోనే ఉంది. తిరిగి అడగలేదు.

ఏప్రిల్ 10, గురువారం

హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. వెర్నా గొంతు పెంచి మాట్లాడదు. బస్సులో చివరి సీటుదాకా వినపడేంత గట్టిగా మాట్లాడుతుంది, అంతే. నా పేరు చదివింది. అరవై ఆరేళ్ళలో నా పేరు మైకులో వినడం ఇదే మొదటిసారి. జనం వెనక్కి తిరిగి చూశారు. నేను నా టోపీ చూసుకున్నాను.

ఎవరో లేచి అడిగారు. "గెలిస్తే వంతెన తెరిపిస్తావా?"

"తెలీదు" అంది వెర్నా. "బాగుచెయ్యడానికి ఎంతవుతుందో మూడేళ్ళలో కౌన్సిల్‌లో ఒక్కరూ అడగలేదు. నేను అడుగుతాను. వచ్చిన జవాబు తెచ్చి మీకు చెప్తాను. మీకు నచ్చినా, నచ్చకపోయినా."

తెలీదు అని ఒప్పుకుని ఓటు అడిగిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

డేల్ క్రౌథర్ కూడా వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సీటు ఆయనదే. ఇంతవరకూ పార్టీలో ఎవరూ ఎదురు నిలబడలేదు. అవతలి పార్టీవాళ్ళు మనిషిని పెట్టడమే మానేశారు. కాబట్టి మే 20న వీళ్ళిద్దరి పార్టీలోపల జరిగే ఈ ప్రైమరీలో గెలిచినవాళ్ళదే సీటు. మీటింగు చివర ఫైర్ స్టేషన్ పెద్ద ఇద్దర్నీ ముందుకు పిలిచాడు. ఓడినవాళ్ళు, నవంబరులో అసలు ఎన్నికప్పుడు, గెలిచినవాళ్ళ పక్కన నిలబడాలని అందరి ముందూ చేతులు కలిపించాడు. ఈ హాల్లో మొదటినుంచీ ఉన్న పద్ధతి. క్రౌథర్ నవ్వుతూ చేయి కలిపాడు. వెర్నా నవ్వకుండా కలిపింది.

ఏప్రిల్ 12, శనివారం

తలుపులు తట్టి ఓట్లడిగే పని నాకు అప్పజెప్పారు. వద్దన్నాను.

"మామయ్యా, నీ నోట్లోంచి మాట రావాలంటే దానికీ పంపు బిగించాలి. సంగతి నాకు తెలుసు" అంది రోజలీ. "కానీ ఈ చుట్టుపక్కల నువ్వు దిగని నేలమాళిగ లేదు. నీకు తలుపు తియ్యనివాళ్ళెవరు?"

అది నిజమే.

కోర్టు కచేరీ నుంచి తెచ్చిన ఓటర్ల జాబితా ఇచ్చింది. ఇంటికొచ్చి చూస్తే అంతా తప్పులతడక. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే నాలుగే ఉన్నాయి. నా ఇల్లే లేదు. ప్రతి వీధిలోనూ ఇలాగే ఖాళీలు. ఇలాంటి జాబితా పట్టుకుని వెళ్తే సగం మందిని గుమ్మం ముందు నుంచే దాటిపోవాలి. రాత్రి రెండు గంటలు కూర్చుని, లేని ఇళ్ళన్నీ పెన్సిల్‌తో చేర్చాను.

ఏప్రిల్ 15

తలుపులు 31. ఒక్కో పేరుకీ ఎదురుగా మూడు మాటల్లో ఒకటి రాస్తున్నాను. అవును, చూద్దాం, కాదు.

పక్కింటి ఓటిస్ ప్రూయిట్‌తో మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం. దారిలో మంచు తవ్వే రోజుల్లో తప్ప మాట్లాడుకున్నది లేదు.

"వెర్నాకా?" అన్నాడు. "ఆ పెద్ద మంచు తుఫాను రోజున బస్సు ఆపి, మావాణ్ణి చెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపించుకొచ్చింది. అడగాలా?"

ఓటిస్ ప్రూయిట్: అవును.

ఏప్రిల్ 20

ఈస్టర్. తలుపులు తట్టలేదు. రోజలీ గంపలో పాస్కా రొట్టె, బీట్‌రూట్ పచ్చడి, గుడ్లు తెచ్చింది. పొద్దున్నే చర్చిలో దీవించినవి. ఇద్దరం తిన్నాం.

ఏప్రిల్ 26, శనివారం

తలుపులు 44. వెర్నా కూడా వచ్చింది. ఆమె ఇళ్ళని నంబర్లతో గుర్తుపెట్టుకోదు. "ఇక్కడ ఇద్దరు ఆడపిల్లలు దిగేవారు. చిన్నదానికి బస్సు పడేది కాదు, నా వెనక సీట్లో కూర్చోబెట్టేదాన్ని" అంటుంది. తలుపు తీసింది ఆ చిన్నదే. ఇప్పుడు చంకలో బిడ్డ. వెర్నాను చూడగానే "నాకిప్పుడు బస్సు పడుతుంది" అంది.

బోర్డులు కూడా పాతుతున్నాను. తెల్ల బోర్డు మీద నీలం అక్షరాలతో ఆమె పేరు. ఇవాళ పంతొమ్మిది వాకిళ్ళలో పాతాను.

"అందరి వాకిట్లో పాతుతున్నావు. నీ వాకిట్లో ఏదీ?" అంది రోజలీ.

నేల గట్టిగా ఉందన్నాను.

"పంపుల కోసం రాళ్ళలో గుంతలు తవ్వే మనిషికి నేల గట్టిదైందా?"

వెర్నా ఆమెను చూసి తల అడ్డంగా ఊపింది. రోజలీ మాట మార్చింది.

మే 2

తలుపులు 27. ఒకచోట ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "నువ్వు స్టీవ్ హుడాక్ కొడుకువి కదూ. ఆ కిటికీ సంగతి..." అన్నాడు.

పని ఉందని వచ్చేశాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

మే 5, సోమవారం

పంపులు మూడు. రబ్బరు వాషర్ల కోసం కౌంటీ పట్నం వెళ్ళాను. కోర్టు కచేరీ ఎదురుగానే లారీ ఆపాను. ఓటరు నమోదులో పార్టీ మార్చుకోవాలంటే ఇవాళే ఆఖరు రోజని రేడియోలో చెప్తున్నారు. మార్చుకునే రకం మనుషులు ఎవరై ఉంటారో. వాషర్లు దొరికాయి.

తలుపులు 22.

మే 8, గురువారం

బస్సు షెడ్డు దగ్గర వెర్నా నా తలుపుల పుస్తకం అడిగింది. డ్రైవరు సీట్లో కూర్చుని తిప్పింది. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఓటిస్ ప్రూయిట్ కూడానా?"

"అడగాలా అన్నాడు."

"ఈ పెన్సిల్‌తో రాసినవన్నీ నువ్వు చేర్చినవేనా?"

"జాబితాలో వదిలేశారు."

ఆమె కిటికీలోంచి షెడ్డు గోడకేసి చూసింది. ఆ గోడ మీద చూడ్డానికేమీ లేదు. తర్వాత పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి?"

"రెండొందల పది."

"అన్నీ తట్టు" అంది. "ఒక్కటీ వదలకు."

మే 14

కెస్లర్ రిడ్జ్ రోడ్డు నా పుస్తకం ప్రకారం మనదే. నూట పన్నెండు అవునులు. అయినా వెర్నా రెండు సాయంత్రాలు మళ్ళీ అక్కడికే వెళ్ళింది. చూద్దాం అన్న ఇళ్ళకి ఒక్కతే వెళ్ళిందట. నా లెక్క మీద నమ్మకం లేదేమో. అడగలేదు.

మే 15

అడగలేదు.

మే 19, సోమవారం

తలుపులన్నీ అయ్యాయి. మొత్తం అవును: 806. క్రౌథర్‌కి ఏడొందలు రావడం కష్టం. చూద్దాం అన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు. తక్కువగా వేసుకున్నా వంద దాటి గెలుస్తాం.

రోజలీకి చెప్పాను. నన్ను వాటేసుకుంది. వెర్నాకి చెప్తే "బాగా తిరిగావు, ఎమిల్" అంది. అంతకంటే ఏదో అంటుందనుకున్నాను.

ప్రైమరీలో ఓటు వెయ్యడం నాకిదే మొదలు. ఎప్పుడూ నవంబరులోనే వేస్తాను. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

మే 20, మంగళవారం. పొద్దున, లారీలో

ఏడింటికి చర్చి కింది గదికి వెళ్ళాను. తలుపులు తెరిచేసరికి ముందు నేనే. బల్ల దగ్గర ఇర్మా. ఎనభై దాటింది. ఇరవై ఎన్నికలుగా ఆ కుర్చీలో ఆవిడే కూర్చుంటోంది. పుస్తకంలో వేలుపెట్టి కిందికి జరిపింది. మళ్ళీ పైనుంచి జరిపింది.

"ఎమిల్, నాయనా, నీ పేరు ఇందులో లేదు."

"నలభై ఏళ్ళ పైనుంచి ఇక్కడే వేస్తున్నాను."

"అది నవంబరులో. అప్పుడు అందరివీ ఒకే పుస్తకం. ఇది ప్రైమరీ కదా. ఏ పార్టీవాళ్ళు ఆ పార్టీలోనే ఎంచుకోవాలి." ఇంకో పుస్తకం తీసింది. "ఇదుగో. ఎమిల్ హుడాక్. ఏ పార్టీ కాదు అని రాయించుకున్నావు. నీకు ఇవాళ ఓటు లేదు, నాయనా."

నా వెనక ఓటిస్ ఉన్నాడు. ఆయన పేరు అవతలి పార్టీ పుస్తకంలో దొరికింది. ఆ పార్టీ బ్యాలెట్ ఇచ్చారు. నేను మెట్లెక్కి పైకొచ్చి నిలబడ్డాను. కొంచెంసేపటికి ఆయన కూడా వచ్చాడు.

"ఎమిల్, వెర్నా పేరు నా కాగితం మీద లేదేంటి?"

లారీలోకి వచ్చి పుస్తకం తెరిచాను.

జాబితాలో తప్పు లేదు. అది వెర్నా పార్టీ జాబితా. ఓటున్నవాళ్ళనే అచ్చు వేశారు. లేనివాళ్ళని పెన్సిల్‌తో చేర్చింది నేను.

పెన్సిల్ ఇళ్ళలో అవునులు: 94. నాతో కలిపి.

మరోసారి లెక్కపెట్టాను. 94.

మధ్యాహ్నం

ఎవరికీ చెప్పలేదు. వెర్నా పోలింగ్ కేంద్రం బయట, ప్రచారం చెయ్యకూడని గీతకి ఇవతల నిలబడి కార్డులు పంచుతోంది. పొద్దున బస్సు తిప్పి పిల్లల్ని బడిలో దింపి వచ్చింది. మళ్ళీ మూడింటికి బస్సు దగ్గరికి వెళ్ళాలి. ఎండలో కుర్చీ వేసినా కూర్చోలేదు. పెన్సిల్ ఇంటివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి లోపలికి వెళ్తున్నారు, మొహం ఒకలా పెట్టుకుని బయటికొస్తున్నారు. ఒకామె వెర్నా చేతులు పట్టుకుని "నన్ను రానివ్వలేదు" అంది. వెర్నా "వచ్చావు, అది చాలు" అని ఆమె పిల్లాడి చదువు గురించి అడిగింది.

మే 5న కోర్టు కచేరీ ఎదురుగా లారీ ఆపాను. రేడియో విన్నాను. ఆ రోజు ఈ తొంభై నాలుగు మందికీ ఒక్క మాట చెప్పి ఉంటే చాలేది.

రాత్రి, ఇంటికొచ్చాక

నిద్ర రాదు కాబట్టి అంతా వరసగా రాస్తాను.

ఎనిమిదింటికి ఓటింగు ముగిసింది. ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ మిషను నుంచి పొడుగాటి చీటీ వస్తుంది. దాన్ని బయట తలుపుకి అంటిస్తారు. మావాళ్ళు తొమ్మిది చోట్ల టార్చిలైట్లతో కాచుకుని, తలుపు మీది అంకెలు చదివి ఫోన్ చెయ్యాలి. ఫైర్ స్టేషన్ హాల్లో ఫోన్ దగ్గర నేను. నా ముందు పుస్తకం. హాలంతా జనం. చర్చి ఆడవాళ్ళు వండిన, బంగాళాదుంప కూరిన పిరోగీలు, క్యాబేజీ వేసి వేయించిన హలుష్కీ, గింజల రొట్టె. వెర్నా ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకుంది. వడ్డించొద్దని ఎంతమంది చెప్పినా వినలేదు.

మొదటి చీటీ మాదే. వెర్నా 131, క్రౌథర్ 74. గట్టిగా చదివాను. ఎవరో బల్ల మీద దరువు వేశారు. ఆరు చీటీలు వచ్చేసరికి వెర్నా 541, క్రౌథర్ 463.

"ఇరవై ఏళ్ళ కుర్చీ. కాళ్ళు ఊగుతున్నాయి" అన్నాడు ఒకడు.

"కుర్చీవా, క్రౌథర్‌వా?"

నవ్వులు. నేను ప్రతి అంకె పక్కనా నా పుస్తకంలోని అచ్చు పేర్ల అవునుల్ని వేసుకుంటున్నాను. పెన్సిల్‌వి వదిలేసి. దాదాపు అంకెకి అంకె సరిపోతోంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అవునన్నవాళ్ళలో ఓటున్నవాళ్ళు వేశారు.

ఏడోది కెస్లర్ రిడ్జ్. అక్కడ అచ్చు అవునులు డెబ్బై అయిదు. వచ్చింది 79, క్రౌథర్‌కి 70. ఆ ఎక్కువ వచ్చిన నాలుగూ వెర్నా రెండు సాయంత్రాలు తిరిగి తెచ్చినవి.

ఎనిమిదో చీటీకి వెర్నా 681, క్రౌథర్ 605. హాల్లో పాట మొదలైంది. మిగిలింది లేక్ వ్యూ ఒక్కటే. అది క్రౌథర్ ఉండే చోటు. అక్కడ ఇవాళ ఎంతమంది ఓటేశారో సాయంత్రమే రోజలీ ఫోన్లో చెప్పింది. రెండొందలు దాటారు. నా పుస్తకంలో అచ్చు అవునులు నలభై నాలుగు.

తీసివేత ఎంతసేపు. హాల్లో నాకొక్కడికే తెలుసు. డెబ్బై ఆరు ఓట్లు ముందున్నామని అందరూ పాడుతున్నారు.

చిన్న కాగితం మీద రాశాను. ‘నలభై దాకా తక్కువ. లేక్ వ్యూ రాకముందే తెలుసుకో.’ మడిచి వంటగది కిటికీ దగ్గరికి వెళ్ళి ఇచ్చాను. ఆమె చదివింది. మళ్ళీ మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. మొహంలో ఏమీ మారలేదు. మూకుడు వైపు చూసింది.

"ఇంకా ఎవరెవరు తినలేదు?"

"వెర్నా."

"ఫోన్లు చేసేవాళ్ళు రాలేదు కదా. వాళ్ళకి తీసి పక్కన పెట్టు, ఎమిల్. నువ్వు తిన్నావా?"

తినలేదన్నాను. పళ్ళెం నింపి చేతికిచ్చింది. నేను తినేదాకా అక్కడే నిలబడింది. హాల్లో ప్రతి ఒక్కరి పళ్ళెమూ నిండేదాకా వడ్డించింది. రేపు పొద్దున అందరికీ పనులున్నాయి. ఏడుపు మొదలైతే ఎవరూ తినరని ఆమెకి తెలుసు. నాకు అది తర్వాత అర్థమైంది.

తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. రోజలీ.

"చదువు" అన్నాను.

"మామయ్యా, టార్చి సరిగ్గా వెలగట్లేదు. తప్పు చదివానేమో."

"చదువమ్మా."

వెర్నా 46. క్రౌథర్ 163.

గట్టిగా చదవాలి. ముందు పుస్తకంలో రాశాను. వెర్నా వచ్చి నా భుజం మీదుగా పుస్తకం చూసి తనే చదివింది. "మనకి ఏడొందల ఇరవై ఏడు. డేల్‌కి ఏడొందల అరవై ఎనిమిది. నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయాం." బస్సులో చివరి సీటుదాకా వినపడే గొంతుతోనే.

చేతులు కడుక్కుని, నా ముందున్న ఫోన్ తీసి క్రౌథర్‌కి కలిపింది.

"డేల్, వెర్నాని. నువ్వు గెలిచావు. చేతులు కలిపాం కదా, నవంబరులో నా ఓటు నీకే. కానీ ఏడొందల ఇరవై ఏడు మంది నిన్నొక ప్రశ్న అడిగారు. వంతెనకి ఎంతవుతుందో కనుక్కో. శనివారం పొద్దున వంతెన దగ్గరికి రా. నేను ఫ్లాస్కులో కాఫీ తెస్తాను." కాసేపు విన్నది. "లేదు, డేల్, ఫోటోగ్రాఫరు అక్కర్లేదు."

జనం ఏడుస్తూనే నవ్వారు.

ఆమెకి చెప్పాల్సింది చెప్పకుండానే ఇంటికొచ్చాను.

మే 21, బుధవారం

పంపులు లేవు. సాయంత్రం వెర్నా, రోజలీ, నేను బోర్డులు పీకడానికి వెళ్ళాం. పాతినవాళ్ళే పీకాలి. రెండో వీధిలో పుస్తకం తెరిచి వెర్నా చేతిలో పెట్టాను.

"తొంభై నాలుగు" అన్నాను. "ఓటు లేనివాళ్ళ దగ్గర అవునులు రాసుకున్నాను. మే 5కి ముందు చెప్పి ఉంటే మార్చుకునేవాళ్ళు. నలభై ఒకటితో ఓడిపోయాం. నా దగ్గర తొంభై నాలుగు ఉన్నాయి."

రోజలీ బోర్డు పీకడం ఆపింది.

"నాకు తెలుసు" అంది వెర్నా.

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిదో తారీఖు. ఓటిస్ ఏ పార్టీయో ఊరంతటికీ తెలుసు. అది చూసి పెన్సిల్ సంగతి అర్థమైంది. అప్పటికే గడువు దాటి మూడు రోజులైంది."

"చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యను, నీకు నిద్ర లేకుండా చెయ్యడం తప్ప?"

"అన్నీ తట్టమన్నావు."

"మెక్‌గ్రా ముసలాయన నేలమాళిగలో నీళ్ళు నిలిచాయి. నువ్వు ఓటు అడగడానికి వెళ్ళి, రెండు గంటలు తోడి వచ్చావు. ఆయనా పెన్సిలే. జాబితా చూసుకుని ఆ గుమ్మం దాటిపోయి ఉంటే?" బోర్డు ఒకటి పీకి మట్టి దులిపింది. "ఇరవై ఏళ్ళుగా వాళ్ళ తలుపు ఎవరూ తట్టలేదు, ఎమిల్. ఓటు లేదు కదా అని."

రోజలీ పుస్తకం లాక్కుంది. "ఆగండి. నవంబరులో వీళ్ళందరికీ ఓటుంది. అప్పుడు బ్యాలెట్ మీద లేని పేరు కూడా రాయొచ్చు. ఈ తొంభై నాలుగూ, నిన్నటి ఏడొందల ఇరవై ఏడూ. వెర్నా అత్తా, నువ్వు గెలుస్తావు."

నేనూ ఆ లెక్క పొద్దున్నే వేశాను. వెర్నా ఏమంటుందోనని చూశాను.

"చేతులు కలిపాను" అంది.

"క్రౌథర్ అయితే నిలబెట్టుకునేవాడా?"

"అది డేల్‌ని అడుగు. చెయ్యి నాది." లారీలో బోర్డు వేసింది. "నాలుగేళ్ళకి మళ్ళీ వస్తుంది. అప్పటికి నాకు అరవై ఎనిమిది. బస్సుకి గేరు మార్చగలిగితే దీనికీ నిలబడగలను."

ఇంటి దగ్గర దిగేటప్పుడు రోజలీ "తప్పు జాబితాది కాదా, మామయ్యా" అంది. "కాదు" అన్నాను. నా బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళింది.

మే 22

కిటికీ సంగతి.

నాకు తొమ్మిదేళ్ళు. గని యూనియన్‌లో ఎన్నిక. నాన్న ఓడిపోయే మనిషి పేరు కాగితం మీద రాసి మా ముందు కిటికీకి అంటించాడు. ఎన్నికలో ఆయన మనిషి ఓడిన రాత్రి ఇటుక వచ్చి పడింది. నాన్న గాజుపెంకులు ఊడ్చి, అట్టముక్క పెట్టి, దాని మీద మళ్ళీ అదే పేరు అంటించాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయనకి మంచి షిఫ్టు దొరకలేదు. అమ్మ నాతో "నువ్వెప్పుడూ ఎవరి మనిషివీ కావద్దు" అంది. ఇరవై ఒక్క ఏళ్ళకి నమోదు కాగితం మీద అదే రాశాను. ఏ పార్టీ కాదు. అది తెలివైన పని అనుకుంటూ వచ్చాను.

రాశాను. ఇంతే.

మే 24, శనివారం

వంతెన దగ్గరికి క్రౌథర్ వచ్చాడు. ఫోటోగ్రాఫరు లేడు. నేను దూరంగా లారీలోనే కూర్చున్నాను. ఇద్దరూ కడ్డీల దగ్గర నిలబడి కాఫీ తాగారు. ఆయన కాగితం మీద ఏదో రాసుకోవడం కనిపించింది.

మే 27, మంగళవారం

వాన లేదు. పంపు ఒకటి.

కోర్టు కచేరీకి వెళ్ళాను. నమోదు కాగితాలు తొంభై నాలుగు అడిగాను. కిటికీలోని అమ్మాయి "ఎవరికి?" అంది. తెలిసినవాళ్ళకి అన్నాను. లెక్కపెట్టి ఇచ్చింది. మొదటిది అక్కడే నిలబడి నింపాను. పార్టీ గడి దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత రాశాను. పెన్నుతో.

సాయంత్రం ఓటిస్ తలుపు తట్టాను. జరిగింది మొత్తం చెప్పాను. నేను ఒకేసారి అన్ని మాటలు చెప్పడం ఆయన ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాడు.

"ఇది మా నాన్న పార్టీ, ఎమిల్."

"తెలుసు."

"నువ్వు మార్చుకున్నావా?"

"పొద్దున."

"ఇన్నేళ్ళుగా నువ్వేంటో ఈ వీధిలో ఒక్కరికీ తెలీదు. మా ఆవిడా నేనూ పందెం కూడా వేసుకున్నాం." కాగితం తీసుకుని వెలుతుర్లో పెట్టి చూశాడు. "బల్ల మీద ఉంచుతాను. చూద్దాం."

ఓటిస్ ప్రూయిట్: చూద్దాం. అలాగే రాశాను.

చీకటి పడ్డాక మా ఇంటి షెడ్డులోంచి బోర్డు ఒకటి తెచ్చాను. పీకిన బోర్డులన్నీ అక్కడే పెట్టాం. నేల గట్టిగా ఏమీ లేదు. రెండు దెబ్బలకే దిగింది.

మే 28, బుధవారం

బస్సు రోజూ ఏడు పదికి నా ఇంటి ముందు నుంచి వెళ్తుంది. ఎప్పుడూ ఆగదు. నా ఇంట్లో ఎక్కే పిల్లలు లేరు. ఇవాళ ఆగింది. ఎర్ర లైట్లు వెలిగాయి. వెనక రెండు కార్లు, ఒక పాల లారీ ఆగిపోయాయి. పిల్లలు కిటికీలకి ముక్కులు ఆనించి చూశారు. నేను కాఫీ కప్పుతో మెట్ల మీద ఉన్నాను.

తలుపు తెరుచుకుంది. వెర్నా బోర్డు మీది తన పేరు చూసింది. నన్ను చూసింది.

"ఎన్నికైపోయింది, ఎమిల్. ఆలస్యంగా పెట్టావు."

"నాలుగేళ్ళు ముందే పెట్టాను" అన్నాను.

పాల లారీవాడు హారన్ కొట్టాడు. వెర్నా అద్దంలో వాణ్ణి ఒకసారి చూసింది. వాడు మానేశాడు. తర్వాత తలుపు మూసింది, లైట్లు ఆరాయి, బస్సు కదిలింది.

పంపులు రెండు. చుట్టుదారి మైళ్ళు ఇరవై ఎనిమిది. తలుపులు పన్నెండు.